కుట్టు టీచరమ్మ కోపం

‘శాంతమూర్తి ఇక లేరు’ అని ఫోనుకు మెసేజ్ వచ్చినప్పుడు నేను ధర్మవరంలో మగ్గాల వాళ్ల ధర్నా దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరో స్వామీజీ పోయారనుకున్నాను. కాసేపటికి కింద ఫొటో తెరుచుకుంది. అది మా కుట్టు టీచరమ్మ. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు, ఫొటో తీసేవాణ్ని ‘ఇంకా ఎంతసేపప్పా?’ అని నిలదీస్తున్నట్టున్న చూపు. ఫొటో ఆమెదే. మాట మాత్రం ఆమెది కాదు.

అలవాటు ప్రకారం ముందు నిర్ధారించుకున్నాను. పెనుకొండలో ఆమెతో కలిసి ఉండే చెల్లెలికి ఫోన్ చేశాను.

“కాఫీ తాగి అరుగు మీద కూచునిందప్పా. కాలవ తవ్వి మట్టంతా మా వాకిట్లో పోసిపోయినారు కదా, వాళ్లను తిడతాండింది. నేను గ్లాసు లోపల పెట్టి వచ్చేలోగా తిట్టు ఆగిపోయింది. ఏందిట్ల ఆగిపోయిందని చూస్తే...”

జరిగింది ఇదీ. ఆమె శాంతంగా బతకలేదు, శాంతంగా పోనూ లేదు.

ఆ సాయంత్రం వార్త నేనే రాసి పంపాను. పొట్టి వార్త. ఆడపిల్లలకు కుట్టు నేర్పిన టీచరు మరణించారనీ, ఆమెకు కోపం ఎక్కువనీ, ఆ కోపం వల్ల ఈ చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్లు తమకు పనికొచ్చే మిషన్లు కొనుక్కోగలిగారనీ రాశాను. మర్నాడు పేపరు తెరిస్తే ‘శాంతమూర్తిగా పేరొందిన’ అని ఉంది. డెస్కుకు ఫోన్ చేశాను. “చనిపోయినావిడకు కోపమని ఎలా వేస్తాం సార్, బాగుండదు కదా” అన్నాడు సబ్ ఎడిటరు. గతంలో ఒక హెడ్మాస్టరు పోయినప్పుడు ఇదే డెస్కు ‘క్రమశిక్షణకు మారుపేరు’ అని వేసింది. ఆయన బెత్తం విరిగేదాకా పిల్లల్ని కొట్టిన మనిషి. కోపం మగవాడిదైతే క్రమశిక్షణ అవుతుంది, ఆడమనిషిదైతే అచ్చువేయకూడని మాట అవుతుంది. ఆ పేపరును మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. వచ్చే మీటింగులో డెస్కు వాళ్ల ముందు పరవాలని.

నా ఉద్యోగంలో సగం పని విశేషణాలు కొట్టేయడమే. ఈ ఒక్కటి కొట్టేయడానికి నాకు వార్త చాలలేదు. అందుకే ఈ వ్యాసం.

ఆమెదీ మాదీ ఒకటే వీధి. పాత పేపర్ల కోసం ఆమె మా ఇంటికి వచ్చేది. తూకానికి అమ్మడానికి కాదు, బడికి పట్టుకుపోవడానికి. ఆమె క్లాసులో చేరిన పిల్లకు మొదట దారం ఇవ్వరు, గుడ్డ ఇవ్వరు. మిషను ముందు కూచోబెట్టి, దారం ఎక్కించని సూది కింద పాత పేపరు పెడతారు. పేపర్లో కాలమ్‌కూ కాలమ్‌కూ మధ్య సన్నటి గీత ఉంటుంది చూడండి, ఆ గీత మీద సూది నడవాలి. కాలితో తొక్కుతుంటే కాగితంలో చిన్న చిన్న చిల్లులు పడతాయి. తర్వాత ఆ కాగితాన్ని కిటికీకి ఎత్తి పట్టి చూస్తే పిల్ల నేరుగా పోయిందో, వంకర పోయిందో వెలుతురే చెబుతుంది.

రిటైరయ్యాక కూడా ఇంట్లో ఒకరిద్దరు పిల్లలకు నేర్పేది. అలా చిల్లులు పడ్డ పేపరు ఒకటి ఒకసారి నాకే తెచ్చి చూపించింది. అందులో నా వార్త ఉంది.

“ఇదిగో చూడప్పా. పిల్ల నేరుగానే పోయింది. నువ్వే వంకర పోయినావు.”

“యాడ పోయినాను టీచరమ్మా?”

“ఈడ. ‘తెలుస్తోంది’ అని రాసినావు. ఎవరికి తెలుస్తాండాది? నేను నీ ఎదురుగా నిలబడి చెప్పినా కదా. టీచరమ్మ చెప్పింది అని రాయి. తిట్టింది అని రాసినా నాకేం కాదు.”

ఆ వార్త ఆమె బడి గురించే. ఆమె రిటైరైన తర్వాత ఆ పోస్టులో ఎవరినీ వేయలేదు. మిషన్లున్న గదికి తాళం వేశారు. కొన్నాళ్లకు తాళం తీశారు, కుట్టు నేర్పడానికి కాదు, బియ్యం బస్తాలు పెట్టుకోవడానికి. మిషన్ల మీదే బస్తాలు పెట్టారు. ఆమె దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. నేనూ రాశాను. చివర్లో ‘అధికారులు స్పందించాల్సి ఉంది’ అని కూడా రాశాను. అధికారులు స్పందించలేదు. బస్తాలు ఈ రోజుకీ అక్కడే ఉన్నాయి, మొన్న వెళ్లి చూసి వచ్చాను. ఆమె పోయిందని తెలిసి ఆ బడి వాళ్లు రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ గదిలో మిషన్ల మీది బస్తాలు దించి ఉంటే మౌనం అవసరం ఉండేది కాదు.

ఒక సంగతి చెప్పాలి. తప్పు కుట్టిన పిల్ల మీద ఆమె కోప్పడగా నేను చూడలేదు. మా వీధిలో ఆమె దగ్గర నేర్చుకున్న వాళ్లనందరినీ అడిగాను, వాళ్లూ చూడలేదు. చేతి కింద గుడ్డ నలిగినా, సూది విరిగినా “విప్పుదాం పాపా, కుట్టు అంటేనే విప్పేదానికి వీలుండేది” అనేది. పిల్లలు ఆమెకు ‘తిక్క టీచరు’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులో భయం లేదు. తమ తరఫున తిక్క పడే మనిషి ఒకరున్నారనే ధీమా ఉంది.

ఆమె కోపమంతా పెద్దవాళ్ల మీదే. ఆయుధపూజ అయిన మర్నాడు ఆమెకు తీరిక ఉండేది కాదు. మిషను తిరగడం లేదని ఒక్కో ఇంటి నుంచి పిలుపు వచ్చేది. వెళ్లి చూస్తే నూనె పోసే చిల్లుల నిండా పసుపు, కుంకుమ. ఆమె ప్రార్థనకు పోయే మనిషి, మెడలో సన్నటి శిలువ ఉండేది. ఇంటివాళ్లు కొంచెం వెనకాడేవాళ్లు.

“పూజ చెయ్యి తల్లీ, నేనేమన్నా వద్దంటినా? బొట్టు చక్రానికి పెట్టు, స్టాండుకు పెట్టు. నూనె పోసే బొక్కలో ఏంటికి పోసినావు? మీ సామికి కూడా ముక్కులోనే పెడతావా కుంకుమ?”

ఇంట్లో అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. టీచరమ్మ నవ్వేది కాదు. కింద కూచుని పాత గుడ్డతో తుడుస్తూ, ఈసారి తలకు రాసే కొబ్బరినూనె పోసింది ఎవరని విచారణ మొదలుపెట్టేది.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని మిషను కొనడానికి వెళితే షాపువాళ్లకు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా రిటైరైన తర్వాత ఆమెకు అదే పని అయింది. ఆడబిడ్డకు కుట్టు నేర్పించాలనుకున్న ఇంటివాళ్లు రొద్దం నుంచీ, ముదిగుబ్బ నుంచీ వచ్చి ఆమెను హిందూపురానికి తీసుకుపోయేవాళ్లు. బస్సు చార్జీ తప్ప ఏమీ తీసుకునేది కాదు. ఆమె ఆఖరుసారి వెళ్లింది రేణుక కోసం. నాకు హిందూపురంలో వేరే పని ఉండి అదే బస్సులో ఉన్నాను, షాపు దాకా కూడా వెళ్లాను. అందుకే ఇది విన్నది కాదు, చూసింది.

రేణుకది రొద్దం దగ్గర పల్లె. హిందూపురం వైపు ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కొన్నేళ్లు పనిచేసి, బిడ్డ పుట్టాక మానేసింది. ఇంట్లో కూచుని జాకెట్లు కుట్టి బతకాలని ఆమె ఆశ. ఫ్యాక్టరీ వదిలినప్పుడు వచ్చిన పీఎఫ్ డబ్బు ఆమెది, కాబట్టి కొనేది ఆమే. మొగుడు ఓబులేసు ఆటో తోలతాడు, మంచివాడే. కాకపోతే యంత్రమేదైనా తనకు తెలుసునని అతని నమ్మకం.

షాపాయన మమ్మల్ని చూడగానే ఉన్న ఒక్క స్టూలునూ లాగి ఓబులేసుకు వేశాడు. “రా అన్నా, కూచో. ఎట్లాంటిది చూపించమంటావు?”

ఓబులేసు కూచున్నాడు.

“కుట్టేదెవరప్పా?” అంది టీచరమ్మ షాపాయనతో.

“ఈయమ్మే కదా మేడమ్.”

“మల్ల స్టూలు ఆయప్పకేంటికి ఏసినావు? ఆయప్ప కుడతాడా జాకెట్లు?”

ఓబులేసు లేచి నిలబడ్డాడు. రేణుక కూచోవాలో వద్దో తెలియక మొగుడి మొహం చూసింది. “కూచో పాపా, స్టూలు వాళ్ల నాయనదేం కాదు” అంది టీచరమ్మ.

షాపాయన అట్టపెట్టెలోంచి తెల్లటి చిన్న మిషను ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. లైటు వెలిగింది. “ఇదీ ఇప్పుడు అందరూ తీసుకుపోయేది. మోటారు దీంట్లోనే ఉంటాది. ఈ బటన్ తిప్పితే పూలు కుడతాది, ఆకులు కుడతాది, ఇదిగో చూడండి, బాతులు కూడా కుడతాది.”

“బాతులా?”

“అవును మేడమ్, వరసగా.”

“రొద్దంలో బాతుల జాకెట్టు ఎవరు ఏసుకుంటారప్పా? మీ ఇంట్లో ఏసుకుంటారా?”

ఓబులేసు కల్పించుకున్నాడు. “గార్మెంట్స్‌లో చేసింది కదా టీచరమ్మా, ఈయమ్మకు కరెంటు మిషను అలవాటే.”

ఈ మాట నేను ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో విన్నాను. ఫ్యాక్టరీకి పోయివచ్చిన ఆడమనిషికి కుట్టు వచ్చేసిందని అందరూ అనుకుంటారు. టీచరమ్మ అతన్ని తిట్టలేదు. రేణుక వైపు తిరిగింది.

“ఏం కుట్టేదానివి పాపా ఆడ?”

“జేబులు.”

“ఇంకా?”

“జేబులే టీచరమ్మా. పొద్దున నుంచి సాయంత్రం దాకా. నేను జేబు కుట్టిన చొక్కా ఎట్లుంటాదో కూడా చూడలేదు.”

“ఇన్నావా అప్పా?” అంది టీచరమ్మ ఓబులేసుతో. “మిషను ఈ పిల్లకు అలవాటు కాలేదు. ఈ పిల్లే మిషనుకు అలవాటయింది.”

షాపాయన తొందరపెడితే రేణుక ఆ తెల్ల మిషను పెడల్ మీద కాలు పెట్టింది. అది జుయ్యిమని పరుగెత్తింది. రేణుక రెండు చేతులూ ఒక్కసారిగా వెనక్కి లాక్కుంది. ఎడమచేతి చూపుడువేలి గోరు మధ్యలో ఒక నల్లటి మచ్చ ఉంది. సూది గోట్లో దిగిన గుర్తు. టీచరమ్మ ఆ వేలు పట్టుకుని చూసింది. షాపాయన వైపు తిరిగినప్పుడు ఆమె గొంతు మారింది.

“కాలితో తొక్కేది లేదా?”

“ఈ కాలంలో తొక్కేది ఎవరు కొంటారమ్మా? కావాలంటే ఆర్డరు పెడతా. ఊరికే కాళ్లనొప్పులు.”

“కాళ్లు ఈ పిల్లవి. నొప్పి నీకేంటికి? చూడప్పా, కొత్తగా నేర్చుకునేవాళ్లు వస్తే ఇది ఎంత బిరబిరా పోతాదో చెప్పొద్దు. యాడ నిలబడమంటే ఆడ నిలబడతాదా, అది చెప్పు. మొదట నేర్చుకోవాల్సింది నిలబెట్టేది. పోయేది దాని పాటికి అదే వస్తాది. కాలు ఆపితే సూది ఆగల్ల. ఇనుప మిషను, నేరు కుట్టు ఒక్కటి చాలు. చెయ్యి కుదిరినాక ఆ మిషనుకే మోటారు తగిలించుకోవచ్చు. మోటారు బిగించేదానికి రెండు బోల్టులు చాలు. భయం పోగొట్టేదానికి ఏం బిగిస్తావు?”

షాపాయన కూడా ఊరుకోలేదు. “మేడమ్, మీరిట్ల వచ్చిన గిరాకీనంతా పాడుచేస్తాండారు.”

“గిరాకీ కాదు, ఆడబిడ్డ” అని ఆమె బయటికి నడిచింది.

తిరుగు బస్సులో ఓబులేసు మూతి ముడుచుకుని ముందు సీట్లో కూచున్నాడు. టీచరమ్మ ఉడకబెట్టిన శెనక్కాయలు కొని ఒలుస్తూ, గింజలు రేణుక చేతిలో వేస్తూ, మిషను కొనేటప్పుడు స్టాండు ఊపి చూడాలనీ, నూనె వాసన చూడాలనీ, దారం లేని సూదిని పాత పేపరు గీత మీద నడిపి వెలుతురుకు ఎత్తి చూడాలనీ చెబుతూ ఉంది. రేణుకే అడిగింది.

“మీకింత కోపం ఏంటికి టీచరమ్మా?”

పొట్టు కిటికీలోంచి పారేసి, అప్పుడు చెప్పింది.

“మంచం కింద మిషన్లు చూసినావా ఎప్పుడన్నా? నేను చూసినా, ఊరూరా చూసినా. గుడ్డ కప్పి, దాని మీద దుప్పట్లు పెట్టింటారు. ఏమ్మా ఇది అంటే, మా పిల్లకు చేతకాలేదు అంటారు. మొగుడు అదే అంటాడు, అత్త అదే అంటాది. ఆఖరికి ఆ పిల్ల కూడా నాకు చేతకాదు టీచరమ్మా అంటాది. తెచ్చింది తప్పు మిషను. తెచ్చినోడు బాగుండాడు, అమ్మినోడు బాగుండాడు. మాట మాత్రం పిల్ల మీద పడింది. ఒక్కసారి చేతకాదు అనిపించుకున్న ఆడది మల్ల దేని మీదా చెయ్యి పెట్టదు పాపా. దానికి కోపం రాకుంటే ఇంక దేనికి రావల్ల?”

తర్వాత ముందు సీటు వైపు వంగింది. “ఓబులేసూ, ధర్మవరంలో పాత ఇనుప మిషన్లు బాగుచేసి అమ్మే ఆయప్ప ఒకడుండాడు. వచ్చే వారం పోదాం. నీ ఆటోలోనే పోదాం, నువ్వే తోలు. సరేనా?” ఓబులేసు వెనక్కి తిరక్కుండానే తల ఊపాడు.

వచ్చే వారానికి ఆమె లేదు.

పెనుకొండలో సమాధి కార్యక్రమం అయింది. కొద్దిరోజులకు ఒక సేవా సంఘం ఆమె జ్ఞాపకార్థం సభ పెట్టింది. ఫంక్షన్ హాలు బయట ఫ్లెక్సీ కట్టారు. టీచరమ్మ బొమ్మ ఒక మూల తపాలా బిళ్లంత ఉంది, మిగిలినదంతా సంఘం పెద్దలు. ‘శాంతమూర్తి జ్ఞాపకార్థం నిరుపేద మహిళలకు కుట్టు మిషన్ల పంపిణీ’ అని పెద్దక్షరాలు. లోపల వేదిక మీద అట్టపెట్టెలు పేర్చారు. పెట్టె మీది బొమ్మ చూశాను. అదే తెల్ల మిషను. బాతులు కుట్టేది.

ఆఖరుసారి షాపుకు వెళ్లినప్పుడు ఆమె ఏ వస్తువును వద్దని వాదించిందో, ఆమె పేరు మీద ఆ వస్తువునే పంచుతున్నారు. వాళ్లలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు, ఎందుకంటే ఒక్కరూ ఆమెను అడగలేదు. ఆమె బతికున్నప్పుడు ఆ సంఘం పెద్ద ఆమె వీధిలోకి రాలేదు. ఇది నా అభిప్రాయం కాదు, అదే వీధిలో ఉన్నవాడిగా చెబుతున్న వాస్తవం. పెద్దాయన మైకు పట్టుకుని “ఆ తల్లి ఎప్పుడూ ఒక్క గట్టి మాట మాట్లాడి ఎరగదు” అన్నాడు. వెనక వరసల్లో కూచున్న ఆమె శిష్యురాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకామె నా వెనకనుంచి “ఎవరి గురించి చెప్తాండాడే ఈయప్ప?” అంది.

జాబితాలో రేణుక పేరుంది. ఓబులేసు ఎవరినో పట్టుకుని రాయించాడు. పేరు పిలవగానే అతనే ముందు చప్పట్లు కొట్టాడు. రేణుక వేదిక ఎక్కింది. పెద్దాయన పెట్టె మీద ఒక చెయ్యి వేసి, ఫొటో కోసం ఇటు తిరిగాడు. రేణుక పెట్టె అందుకోలేదు.

“సార్, ఒకసారి కూచోని చూస్తాను.”

“ఏందమ్మా?”

“మిషను సార్. కూచోని, నడిపి చూస్తాను. నిలబడతాదా లేదా అని.”

పెద్దాయన నవ్వాడు. “కరెంటు పోతే అదే నిలబడుతుందిలేమ్మా!” హాలు కూడా నవ్వింది. “ఇంటికి పోయి చూసుకో తల్లీ. ఊరికే ఇచ్చేదాన్ని కూడా పరీక్ష చేస్తారా?”

“మా టీచరు చేసిండేది సార్” అంది రేణుక. ఆ మాట వెనక వరసల దాకా వినపడింది. వేదిక మీద కుర్చీల కోసం చూసింది. మెత్తలు వేసిన కుర్చీలన్నిటిలో పెద్దలు కూచుని ఉన్నారు. ఎవరూ లేవలేదు. మైకు పట్టుకున్నాయన తర్వాతి పేరు చదివాడు. రేణుక ఉత్త చేతులతో మెట్లు దిగింది.

బయట ఆటో దగ్గర ఓబులేసు కోపంగా ఉన్నాడు. “ఉత్తపుణ్యానికి వచ్చేదాన్ని వదిలేసి వచ్చినావు. అందురూ నగుతాండారు నిన్ను చూసి.”

“నగనీ. తెచ్చుకునింటే రేపు మంచం కిందికి పోయిండేది. అప్పుడు నువ్వే అంటావు, చేతకాలేదు అని.”

“నేనంటానా?”

“అనవా?”

ఓబులేసు ఆటో స్టార్ట్ చేయడానికి వంగాడు.

సంఘం పెద్దాయన మనిషి ఒకడు నా దగ్గరికి వచ్చి, ఆ అమ్మాయి సంగతి వదిలేసి పాజిటివ్‌గా రాయండి సార్ అన్నాడు. నేను జరిగింది జరిగినట్టు రాశాను. మర్నాడు ఫొటో ఒక్కటే వచ్చింది, నవ్వుతున్న పెద్దాయనది.

ఆ తర్వాత పంపిణీ అయిన మిషన్లు ఏమయ్యాయో చూద్దామని కొన్ని ఇళ్లకు వెళ్లాను. ఒకామె బాగానే కుడుతోంది, ఆమె అంతకుముందే పని వచ్చిన టైలరు. ఆమె సంతోషం కూడా వాస్తవమే కాబట్టి రాస్తున్నాను. ముదిగుబ్బ దారిలో ఒక ఇంటికి వెళితే అవ్వ ఒకామె మంచం కింది నుంచి పెట్టె లాగి చూపించింది. రెండు జాకెట్టు గుడ్డలు పాడయ్యాక కట్టిపెట్టేశారట. కోడలు గుమ్మంలో నిలబడి నేల చూస్తోంది. నేనేమీ అడగకముందే అవ్వ అంది, “మా కోడలికి చేతకాలేదప్పా.”

నేను మామూలుగా ఎవరి ఇంట్లోనూ గొంతు పెంచను. ఆ రోజు పెంచాను. నీ కోడలికి చేతకాక కాదు, మొదట నేర్చుకునేవాళ్లకు ఇవ్వాల్సిన మిషను ఇది కాదు అని చెప్పాను. అవ్వ నమ్మినట్టు లేదు. కోడలు మాత్రం తలెత్తి చూసింది. ఆ మాట చెప్పడానికి నా కంటే తగిన మనిషి ఒకామె ఉండేది.

రేణుక ఫోన్ చేసింది. “అన్నా, ధర్మవరంలో ఆ షాపు యాడ? టీచరమ్మ చెప్పినాది.” ధర్మవరం నేను తరచూ వెళ్లే ఊరే. కనుక్కుని చెప్పి, మొగుడూ పెళ్లాం ఆటోలో వచ్చిన రోజు నేనూ అక్కడికి వెళ్లాను. మగ్గాల చప్పుడు రెండు వైపులా వినపడే ఒక సందులో చిన్న గది. లోపల కళ్లద్దాల ముసలాయన ఒక మిషను తల విప్పి నూనె వేస్తున్నాడు. పెనుకొండ టీచరమ్మ చెబితే వచ్చామని రేణుక చెప్పింది.

“ఏదీ ఆయమ్మ? రాలేదా?” అని ఆయన వీధి వైపు చూశాడు.

ఆమె పోయిన సంగతి రేణుకే చెప్పింది. ఆయన నూనె డబ్బా కింద పెట్టి, కాసేపు చేతులు తుడుచుకున్నాడు.

“నన్ను తిట్టే మనిషి లేకపోయె” అన్నాడు. లేచి మూలనున్న స్టూలు తెచ్చి, గుడ్డతో దుమ్ము దులిపి, అడక్కుండానే రేణుక ముందు వేశాడు. “ఈ స్టూలు ఆయమ్మ తిట్టినాకే చేపిచ్చినా. అంతకుముందు మొగోళ్లకు మాత్రమే కుర్చీ ఉండె ఈడ.”

పేరు చెరిగిపోయిన నల్లటి ఇనుప మిషను ఒకటి చూపించాడు. రేణుక స్టాండు పట్టుకుని ఊపి చూసింది, కదల్లేదు. చక్రాన్ని ఒక్క వేలితో తిప్పింది, తేలిగ్గా తిరిగింది. నూనె పోసే చిల్లుల దగ్గర వంగి వాసన చూసి, “కొబ్బరినూనె కాదు కదా?” అని అడిగింది. ముసలాయన చిన్నగా నవ్వాడు.

“పేపరుందా అన్నా?” అంది నాతో.

నా సంచిలో ఒకే పేపరు ఉంది. డెస్కుతో గొడవకు దాచుకున్నది. తీసి ఇచ్చాను. రేణుక తెరిచి, టీచరమ్మ ఫొటో చూసి ఆగిపోయింది. “దీని మీదెట్లన్నా?”

“ఫొటో పక్కకు మడువు. ఆమెకైతే ఇదే నచ్చిండేది.”

ఫొటో జాగ్రత్తగా వెనక్కి మడిచి, పక్కనున్న గీత మీద దారం లేని సూది దించింది. తొక్కింది. చక్రం వెనక్కి తిరిగి బిగుసుకుంది. ఓబులేసు కిసుక్కున నవ్వాడు.

“నువ్వు పొయ్యి ఆటోలో కూచో” అంది రేణుక, అటు చూడకుండానే.

ఓబులేసు నా మొహం చూశాడు, ముసలాయన మొహం చూశాడు. బయటికి వెళ్లి ఆటో వెనక సీట్లో కూచున్నాడు.

మళ్లీ తొక్కింది. ఈసారి చక్రం ముందుకే తిరిగింది. టకటకమని సూది గీత మీద కొంతదూరం నేరుగా పోయింది. తర్వాత కాగితం చేతి కింద తిరిగిపోయి, సూది అడ్డంగా నా వార్తలోకి దిగింది. రేణుక కాలు ఆపింది. సూది ఆగింది. ఇంకో అరచుట్టు కూడా తిరగలేదు.

“తప్పు పోయినా కదా అన్నా” అంది. అని, తన కాలి వైపు చూసుకుంది. “అయితే నిలబడింది.”

సూది పైకి లేపి, కాగితం తీసి, టీచరమ్మ ఎత్తి పట్టినట్టే గుమ్మం వైపు ఎత్తి పట్టింది. గీత పొడవునా చుక్కల్లాగా వెలుతురు. గీత విడిచి సూది దిగిన చోట ‘శాంతమూర్తి’ అనే మాట ఉంది. ఆ మాటకు అడ్డంగా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చిల్లులు, చిల్లుల్లోంచి ధర్మవరం ఎండ.